పులస కోసం పుస్తెలు అమ్మక్కర్లేదు: షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్న ఇంట్లో మంచి కొవ్వులను ఎలా సర్దుకోవాలి?

నాన్నగారి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 410 అని తేలిన రోజు డాక్టరుగారు మందుల చీటీ చివర ఒక మాట రాశారు: చేపలు తినాలి. ఆ చీటీలో మిగతావేవీ అంత శ్రద్ధగా పాటించని నాన్నగారు ఈ ఒక్కదాన్ని మాత్రం శిలాశాసనంలా పట్టుకున్నారు. వారానికి నాలుగు రోజులు బొచ్చె వేపుడు, పక్కన గుట్టగా అన్నం. ఎవరైనా వారించబోతే, "డాక్టరే తినమన్నాడు" అని ఒకటే జవాబు. మూడు నెలలు తిరిగేసరికి లెక్క 480 అయింది.

చేపల మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే. అయినా ఏ చేప, ఏ నూనె, ఎంత అన్నం అన్న మూడు ప్రశ్నలు మేము వేసుకోలేదు. గోదావరి డెల్టాలో చాలా ఇళ్ళ పరిస్థితి ఇదే. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఇంకొకరికి మోకాళ్ళు. ఫోనులో ఎవరో పంపిన సందేశం చూసి మూలన చేపనూనె మాత్రల సీసా. పొయ్యి పక్కన మాత్రం ఎప్పటి నూనె డబ్బా అప్పటిలాగే. కింద రాసిన పద్ధతి మా ఇంట్లో పడుతూ లేస్తూ కుదుర్చుకున్నది. ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మిగతావి సులువు: ఇది కంచంలో కొత్తది చేర్చే పని కాదు, ఉన్నదాని స్థానంలో ఇంకోటి పెట్టే పని.

ముందు ఒక చిన్న సంగతి. కొవ్వులన్నీ ఒకటి కావు. చాలా రకాల కొవ్వును శరీరం అన్నం నుంచీ బెల్లం నుంచీ కూడా తయారు చేసుకోగలదు. రెండింటిని మాత్రం చేసుకోలేదు. ఒకటి లినోలిక్ ఆమ్లం, ఒమేగా-6 జాతిది. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, ఒమేగా-3 జాతిది. ఇవి బయటి నుంచి రావలసిందే కాబట్టి అత్యవసర కొవ్వు ఆమ్లాలు అన్నారు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి ఎలుకలను పెంచితే వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగింది. అప్పటిదాకా కొవ్వంటే ఒట్టి ఇంధనమే అనుకునేవారు.

ఒమేగా-3లోనే ఇంకో రెండు ఉన్నాయి: ఈపీఏ, డీహెచ్ఏ. గుండెకూ మెదడుకూ కీళ్ళకూ పనికొస్తాయని చెప్పేవి ఎక్కువగా ఇవే. గింజల్లో దొరికే ఒమేగా-3 నుంచి శరీరం వీటిని చేసుకుంటుంది గానీ చాలా పిసినారిగా చేస్తుంది. ఈపీఏ కొద్ది శాతం, డీహెచ్ఏ అంతకన్నా తక్కువ. చేపల్లో ఇవి తయారుగా ఉంటాయి. అదీ చేపలకున్న పేరు వెనక కథ.

మొదటి పని: రిపోర్టులు, మందులు బల్ల మీద పెట్టండి

వంటింట్లోకి వెళ్ళేముందు మీ జబ్బు ఏమిటో, దానికి ఈ కొవ్వుల వల్ల ఏ మేరకు లాభముందో తెలుసుకోండి. లేకపోతే ఆశ ఎక్కువై నిరాశే మిగులుతుంది.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి లాభం తేటగా కనిపిస్తుంది. రోజుకు 2 నుంచి 4 గ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ తీసుకుంటే అవి 20 నుంచి 30 శాతం దాకా తగ్గవచ్చు. అయితే అంత మోతాదు కూరతో రాదు, డాక్టరు రాసే మందుగానే రావాలి. లెక్క 500 దాటితే క్లోమ గ్రంథి వాపు భయం ఉంటుంది. అప్పుడు చేపల పులుసు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

షుగరు ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోండి: ఒమేగా-3 రక్తంలో చక్కెరను తగ్గించదు. దాన్ని తినేది గుండె కోసం. అక్కడ కూడా మాత్రలకు, తిండికి తేడా ఉంది. బ్రిటన్‌లో 15,480 మంది షుగరు రోగులతో ఏడేళ్ళకు పైగా జరిగిన ఒక పెద్ద పరీక్షలో సగం మందికి రోజూ గ్రాము చేపనూనె మాత్ర, మిగతా సగానికి ఆలివ్ నూనె మాత్ర ఇచ్చారు. 2018లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో పరీక్షలో, కొలెస్ట్రాల్ మందు వాడుతూ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి శుద్ధి చేసిన ఈపీఏ రోజుకు 4 గ్రాములు ఇస్తే గుండె ప్రమాదాలు పాతిక శాతం తగ్గాయి. 2020లో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములు ఇచ్చి చూస్తే మళ్ళీ లాభం కనబడలేదు. ఇన్ని మలుపులున్న విషయాన్ని "చేపనూనె వేసుకోండి, గుండె పదిలం" అని ఒక్క ముక్కలో తేల్చేవారిని నమ్మకండి. వారానికి రెండుసార్లు చేప తినండి అన్న సలహా మాత్రం ఇన్నేళ్ళుగా నిలబడి ఉంది. అమెరికా హృద్రోగ సంఘం చెప్పేది కూడా అదే.

బీపీ రెండు మూడు పాయింట్లు తగ్గవచ్చు, అదీ ఎక్కువ మోతాదులో. చేతివేళ్ళ కీళ్ళు వాచి పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్ళవాతం ఉన్నవారికి రోజుకు సుమారు 3 గ్రాముల మోతాదులో నొప్పి, బిగుతు కొంత తగ్గుతాయి. ఫలితం తెలియడానికి మూడు నెలలైనా పడుతుంది. మోకాలి అరుగుదల వేరే జబ్బు, దానికి ఇంత ఆశ పెట్టుకోవద్దు.

రక్తం పలచబడే మందులు వాడేవారు, గుండె లయ తప్పేవారు, కిడ్నీ జబ్బుకు పత్యం చేస్తున్నవారు, త్వరలో ఆపరేషన్ ఉన్నవారు మోతాదు మార్చేముందు డాక్టరును అడగాలి. యూరిక్ ఆమ్లం పెరిగి బొటనవేలు వాచే గౌట్ ఉన్నవారికి నేను కింద మెచ్చుకోబోయే కవళ్ళు (సార్డైన్లు), నెత్తళ్ళే (ఆంచోవీలు) శత్రువులు. ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు వాటిలో ఎక్కువ. మరొక మాట: కూర మారిందని మాత్ర మానకండి.

రెండో పని: నూనె డబ్బా మీద గీత గీయండి

నెల మొదటి తారీఖున నూనె డబ్బా తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమందో లెక్కగట్టి భాగించండి. మనిషికి రోజుకు నాలుగైదు టీస్పూన్లు, అంటే నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు చాలు. మా ఇంట్లో నలుగురికి తేలిన లెక్క ఐదున్నర లీటర్లు. అమ్మ నమ్మలేదు. మరుసటి నెల తనే గీత గీసి చూసింది, ఐదుంపావు వచ్చింది. పండక్కి పిండివంటలు చేశాం కదా అని ఆ ఐదుంపావుకు కూడా సంజాయిషీ చెప్పుకుంది, పండగ వచ్చింది ముందు నెలలోనే అయినా.

ఎంత అన్నది తేలాక ఏది అన్నది చూడాలి. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 సగానికి పైగా ఉంటుంది, ఒమేగా-3 దాదాపు శూన్యం. వేరుశనగ నూనెలో ఒమేగా-6 మూడో వంతు చుట్టూ. నువ్వుల నూనెలో, అంటే మన పెద్దవాళ్ళ పప్పునూనెలో, ఒమేగా-6 నలభై శాతానికి కాస్త పైన, దాదాపు అంతే ఓలిక్ ఆమ్లం, ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు. తవుడు నూనె కూడా ఇలా మధ్యేమార్గమే. సోయా నూనెలో ఏడు శాతం దాకా, ఆవనూనెలో అంతకన్నా ఎక్కువగా గింజల ఒమేగా-3 ఉంటుంది. ఆవనూనె ఘాటు మన నాలుకకు పడదు. మా ఇంట్లో ఒక్కసారి వంకాయ వేపుడు చేసి అందరం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం. పామాయిల్లో సగం సంతృప్త కొవ్వు, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం. కొబ్బరి నూనెలో తొంభై శాతం దాకా అదే. కొబ్బరిచెట్ల నీడలో బతికేవాళ్ళకు ఈ మాట రుచించదని తెలుసు. పచ్చడిలో కొబ్బరి ముక్కను ఎవరూ వద్దనరు. కొబ్బరి నూనెలో వేపుళ్ళు చేస్తే గుండె బాగుపడుతుందన్న ప్రచారాన్నే పక్కన పెట్టండి.

ఒమేగా-6 విషమని చెప్పేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. అది కూడా అత్యవసర కొవ్వే. నెయ్యి, వనస్పతి, పామాయిల్ స్థానంలో వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మన చిక్కల్లా కొలత తప్పడంలోనూ, ఒమేగా-3 వైపు తక్కెడ ఖాళీగా ఉండటంలోనూ ఉంది. కాబట్టి ఒకే నూనె ఏడాది పొడుగునా కాకుండా రెండు రకాలు పెట్టుకోండి. తాలింపులకు, పులుసులకు నువ్వుల నూనె లేదా వేరుశనగ. మిగతా వంటకు తవుడు నూనె లేదా సోయా. ఇంట్లో మొత్తం ఖర్చయ్యేది మాత్రం మొదట గీసిన గీత దాటకూడదు.

గారెలు వండిన నూనెను మూతపెట్టి మళ్ళీ మళ్ళీ కాచే అలవాటు మానండి. నల్లబడి, నురుగు కట్టి, జిడ్డుగా సాగే నూనెలో మంచి కొవ్వు పాడవుతుంది. బజార్లో బజ్జీల బాణలిలోకి తొంగిచూస్తే మీకే తెలుస్తుంది. నూనెల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉంది గానీ, అదే నూనె పదిసార్లు కాగితే ఆ నిబంధన బాణలిలోకి దిగి కాపాడదు.

మూడో పని: చేపల బజారులో కళ్ళు తెరవండి

నాన్నగారి బొచ్చె దగ్గరికి వద్దాం. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీదుగా బస్సులో వెళ్ళేటప్పుడు నీళ్ళ మధ్య వెదురు గడలు, వాటికి కట్టిన సంచులు చూసే ఉంటారు. ఆ సంచులకు చిల్లులు ఉంటాయి, లోపల తవుడు, వేరుశనగ చెక్క. శీలావతి, బొచ్చె చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. పద్ధతి తెలివైనదే, మేత వృథా కాదు. కానీ చేప ఒంట్లో కొవ్వు అది తిన్న మేతను బట్టి ఉంటుంది. తవుడు, చెక్క తిన్న చేపలో ఒమేగా-3 కొద్దిగానే ఉంటుంది. మంచి మాంసకృత్తులున్న చేప, కోడిమాంసం బదులు నిక్షేపంగా తినండి. ఒమేగా-3 కోసమే అయితే మాత్రం అడగవలసిన చేప వేరు.

సముద్రంలో నాచు తిని బతికే చిన్న జీవులను తినే చిన్న చేపల్లో ఆ కొవ్వు పోగుపడుతుంది. మన దగ్గర మొదటి పేరు కవళ్ళు, అందులోనూ నూనె కవళ్ళు. తరవాత కానాగంతలు, అంటే మాకెరెల్. ఈ రెండో దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ చివరి మాట మన తెలుగు పేరే, రెండు వందల ఏళ్ళ క్రితం విశాఖ తీరంలో చేపల పేర్లు రాసుకున్నవారి ద్వారా శాస్త్రంలోకి వెళ్ళింది. ప్రపంచమంతా తెలుగులో పిలిచే చేపను మనం పిల్లుల పాలు చేస్తుంటాం. వంద గ్రాముల కానాగంతల్లోనో కవళ్ళలోనో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి దాదాపు గ్రాము ఉంటాయి, కాలాన్ని బట్టి అటూ ఇటూ. వారానికి రెండు పూటలు తింటే చాలు. నెత్తళ్ళు కూడా మంచివే, పచ్చివైతే.

ఇక పులస. ఇది రాసేవారు పులసను తలవకపోతే గోదావరి ఊరుకోదు. సముద్రపు విలస వరదనీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్నారు. అంత దూరం ఈదాలి కాబట్టి ఒంట్లో కొవ్వు బాగా దాచుకుంటుంది, అందులో ఒమేగా-3 కూడా ఉంటుంది. రుచికి తిరుగులేదు. కానీ ఆషాఢ శ్రావణాల్లో ఒక్కసారి తిన్న పులస ఏడాది పొడుగునా గుండెను కాయదు. దాని ధరకు ఎన్ని వారాలు కవళ్ళు వస్తాయో మీరే లెక్క వేసుకోండి. పైగా ఎక్కడెక్కడి విలసలో ఐసు పెట్టెల్లో వచ్చి ఇక్కడ పులసల పేరు పెట్టుకుంటున్నాయి.

మా వీధికి అంతర్వేది వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడను మొదటిసారి కవళ్ళు అడిగినప్పుడు ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. "అమ్మగారూ, పిల్లికా?" అంది. నాన్నగారికి అన్నాను. "ఆయనకు వంజరం తెస్తానండి, కవళ్ళు మేం తినేవి" అంది. ఒమేగా-3 సంగతి వివరించాలనిపించింది. కానీ వాళ్ళ పిల్లలు తరతరాలుగా తింటున్నదాన్ని వాళ్ళకు నేను కొత్తగా చెప్పడం ఏమిటి? తెమ్మని మాత్రం చెప్పాను. ఇప్పుడు మా వీధిలో ఆరు ఇళ్ళు కొంటున్నాయి, ధర కూడా కాస్త పెంచింది. పెంచాలి కదా మరి.

కొనేటప్పుడు ఇవి చూడండి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి కుంగకూడదు. చెవి మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి; గోధుమరంగు వస్తే వదిలేయండి. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కవళ్ళ పొట్ట పగిలి ఉంటే పాతబడినట్లే. కవళ్ళు, కానాగంతలు ఎండలో ఐసు లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. అందుకే గంపలో ఐసు ఉందా లేదా అన్నది బేరం కన్నా ముందు చూడండి, ఇంటికి తెచ్చిన వెంటనే శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు సముద్రపు చేప తగ్గుతుంది. ఆ లోటుకు ఎండుచేపల మీద పడకండి. ఉప్పుచేపలో ఉప్పు బీపీవాళ్ళకు, కిడ్నీవాళ్ళకు చేసే కీడు ముందు ఒమేగా-3 చేసే మేలు ఎందుకూ కొరగాదు. ఆ నెలల్లో కింద చెప్పిన గింజల దారి పట్టండి. బాలింతలకు సొర పెట్టే ఆచారం ఉన్న ఇళ్ళలో ఒక జాగ్రత్త: సొర వంటి పెద్ద వేట చేపల ఒంట్లో పాదరసం పోగవుతుంది. వాళ్ళకు చిన్న చేపలే మేలు.

నాలుగో పని: వేపుడు తగ్గించి పులుసు పెట్టండి

బాణలిలో మునిగేలా వేయించితే చేపలోని మంచి కొవ్వు కొంత నూనెలోకి దిగిపోతుంది, బాణలిలోని నూనె చేపలోకి ఎక్కుతుంది. మా నాన్నగారు మూడు నెలలు తిన్నది, లెక్కప్రకారం, చేప ఆకారంలో ఉన్న పొద్దుతిరుగుడు నూనె.

పులుసుకు అర కిలో కవళ్ళు తీసుకోండి. పొలుసు గీసి, తల, పేగులు తీసి, ఉప్పు, పసుపు, కాస్త నిమ్మరసంతో రెండుసార్లు కడగండి. మట్టి దాకలో మూడు టీస్పూన్ల నువ్వుల నూనె వేసి, పావు టీస్పూను మెంతులు, కరివేపాకు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు వేయండి. ఉల్లిపాయ ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద వేయించండి. మన వంటల్లో నూనె మింగేది ఈ ఉల్లి ముద్దే. అడుగంటుతుంటే నూనె బదులు నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. పసుపు, కారం, ధనియాల పొడి, పలచని చింతపండు రసం పోసి, రెండు బెండకాయలు, ఒక వంకాయ ముక్కలు చేసి వేయండి. పులుసు తెర్లాక చేపలు వేసి పదీ పన్నెండు నిమిషాలు. ఇక గరిటె పెట్టకూడదు. దాకను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పితే చాలు, లేకపోతే మిగిలేది ముళ్ళ పచ్చడి. పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుక అంతగా పట్టించుకోదు. కాబట్టి మామూలుగా వేసే ఉప్పులో మూడో వంతు తీసేయండి. పొద్దున్న వండి రాత్రికి తింటే పులుసు రుచి చేపలోకి బాగా దిగుతుంది. ఈలోపు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు వేడి చేసుకోండి.

చిక్కేమిటంటే, ఇంత మంచి పులుసు ఉంటే అన్నం రెండింతలు దిగుతుంది. ట్రైగ్లిజరైడ్లను పెంచేవాటిలో అన్నం, పంచదార, మద్యం ముందుంటాయి. వరిచేల మధ్య ఉండి మూడు పూటలా అన్నం తినేవాళ్ళం ఇది ఒప్పుకుని తీరాలి. ఒక కప్పుతో కొలిచి ముందే పెట్టుకోండి, గిన్నె బల్ల మీద ఉంచకండి. కంచంలో ఇంకో కూరో తోటకూర పప్పో పక్కన ఉండాలి. నాలుగు కవళ్ళు ఎక్కువ తిన్నా పరవాలేదు.

చేప ముట్టని ఇంట్లో

అవిసె గింజలు. తమలపాకు తోటల్లో తీగలకు ఆసరాగా వేసే అవిసె చెట్టుకూ వీటికీ సంబంధం లేదు, పేరొక్కటే. ఈ గింజలను కొన్నిచోట్ల ఉలుసులు అంటారు. గోధుమరంగులో నున్నగా, నువ్వుల కన్నా కాస్త పెద్దగా ఉంటాయి. ఒక టేబుల్ స్పూను పొడిలో గింజల ఒమేగా-3 గ్రాముంబావు నుంచి గ్రామున్నర పైచిలుకు ఉంటుంది. రోజుకు ఒక మనిషికి అంతే కావాలి. గింజలుగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి, కాబట్టి పొడి కొట్టాలి.

కప్పు గింజలు సన్నసెగ మీద చిటపటలాడేదాకా మాత్రమే వేయించండి, మాడితే చేదు. పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, గుప్పెడు కరివేపాకు విడిగా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, మామూలుగా వేసే ఉప్పులో సగం కలిపి పొడి కొట్టండి. వారానికి సరిపడా మాత్రమే చేసి గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి. పాతబడితే ముక్కిపోయిన వాసన వస్తుంది, అప్పుడు పారేయండి. ఇడ్లీలోకి, మజ్జిగన్నంలోకి బాగుంటుంది. మొదటి వారం టీస్పూనుతోనే మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగండి. లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ మాత్రకూ ఈ పొడికీ నాలుగు గంటల ఎడం పాటించండి, మిగతా మందులకూ కాస్త ఎడం మంచిది.

చేలగట్ల మీద ఊరికే మొలిచే గంగవాయిలి కూరలో కూడా, ఆకుకూరల్లో అరుదుగా, ఈ కొవ్వు ఉంటుంది. పప్పులో వేయండి. కిడ్నీలో రాళ్ళున్నవారికి వద్దు. ఈపీఏ, డీహెచ్ఏ నేరుగానే కావాలంటే నాచు నుంచి తీసిన నూనె మాత్రలున్నాయి. చేపకు కూడా అవి నాచు నుంచి వచ్చినవే.

మాత్రల సీసా కొనాలనుకుంటే

ముందు వైపు పెద్ద అక్షరాలను వదిలేసి వెనక చిన్న అక్షరాలు చదవండి. ముందు 1000 మిల్లీగ్రాముల చేపనూనె అని ఉంటుంది. వెనక ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. అంటే పనికొచ్చేది 300. కీళ్ళవాతానికి చెప్పిన 3 గ్రాములు కావాలంటే ఇలాంటివి రోజుకు పది. డాక్టరు మందుగా రాస్తే అది వేరే రకం, వేరే లెక్క. ఎక్కువ మోతాదుల్లో గుండె లయ తప్పే ప్రమాదం కొంత పెరుగుతుందని పరీక్షల్లో తేలింది, కాబట్టి సొంతంగా మోతాదు పెంచకండి. కాడ్ చేప కాలేయపు నూనె ఇంకో వస్తువు. అందులో ఎ విటమిన్ ఎక్కువ, గర్భిణులు వాడకూడదు. వేసుకుంటే భోజనంతో వేసుకోండి, చేపవాసన తేన్పులు తగ్గుతాయి.

చివరి పని: మూడు నెలలు ఆగి చూడండి

ఒక చిన్న పుస్తకంలో నాలుగు గీతలు చాలు: నెలకు ఎన్ని లీటర్ల నూనె, వారానికి ఎన్ని పూటలు ఏ చేప, పొడి ఎన్ని రోజులు, బరువు. పన్నెండు వారాల తరవాత రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండి మళ్ళీ పరీక్ష చేయించి, పుస్తకం, రిపోర్టు రెండూ డాక్టరుకు చూపించండి. వారం వారం పరీక్ష చేయించడం డబ్బు దండగ.

మా ఇంట్లో నూనె ఐదున్నర లీటర్ల నుంచి మూడుకు దిగింది. బొచ్చె వేపుడు నెలకు ఒక ఆదివారానికి పరిమితమైంది. నాన్నగారు సాయంత్రం పూతరేకులు మానేశారు, రాత్రి అన్నం ఒక కప్పే, డాక్టరుగారు ఒక మాత్ర కూడా చేర్చారు. ఈసారి లెక్క 235. రిపోర్టు చేతిలో పట్టుకుని, "ఏమ్మా, ఇందులో కవళ్ళ వాటా ఎంత, మాత్ర వాటా ఎంత, మానేసిన పూతరేకుల వాటా ఎంత?" అని అడిగారు. విడదీసి చెప్పలేనన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మొత్తం కవళ్ళ ఖాతాలోనే రాయి. పూతరేకుల వల్ల తగ్గలేదని తేలితే మళ్ళీ తినవచ్చు కదా" అన్నారు. పుస్తకం నా దగ్గరే ఉంది.